పేషెంట్ తాలూకు

"పేషెంట్ తాలూకు ఎవరండీ?"

రాత్రి ఒంటిగంటన్నరకి ఎమర్జెన్సీ వార్డు తలుపు సగం తీసి సిస్టర్ అడిగిన మాట ఇది. బయట బల్లల మీద కునుకు తీస్తున్న ఏడెనిమిది మందిమి ఒక్కసారిగా లేచాం. ఆవిడ పేరు పిలవలేదు, వరస అడగలేదు. తాలూకు అంటే చాలు, ఎవరికి వాళ్ళం మనల్నే అనుకుంటాం. రెవెన్యూ భాషలో తాలూకా అంటే కొంత భూమి. ఆసుపత్రి భాషలో తాలూకు అంటే ఒక మనిషి. సంతకం పెట్టేదీ, బిల్లు కట్టేదీ, మందుల చీటీ పట్టుకుని మూడంతస్తులు దిగేదీ, డాక్టరు చెప్పింది సగమే అర్థమైనా నిండుగా తలూపేదీ ఆ మనిషే.

క్యాన్సర్ గురించి తెలుగులో పత్రికలు రాసింది తక్కువేం కాదు. లక్షణాలు, పరీక్షలు, కొత్త మందులు, జబ్బుని గెలిచినవాళ్ళ కథలు, అన్నీ వస్తాయి. తాలూకు మనిషికి మాత్రం చివరి పేరాలో ఒక్క వాక్యం దక్కుతుంది: కుటుంబ సభ్యులు ధైర్యం చెప్పాలి. నా భార్యకి రొమ్ము క్యాన్సర్ అని తేలిన తర్వాత ఏడాది పొడుగునా నేను అతి తక్కువగా చేసిన పని అదే. ధైర్యం నాకన్నా ఆవిడ దగ్గరే ఎక్కువుంది. నేను చేసిన పనులు వేరు. జ్వరం చూడటం, మాత్రలు లెక్కపెట్టడం, ఫైలు మోయడం, ఫోనుల్లో చుట్టాలకి జవాబు చెప్పడం, ఏది మామూలు నీరసమో ఏది కాదో కనిపెట్టడం.

ఆ పనుల మీద వైద్య పరిశోధన ఏం తేల్చింది, చట్టం ఏమంటుంది, మన ఇళ్ళలో నిజంగా ఏం జరుగుతోంది అని తర్వాత కూర్చుని చదివాను. చదివినదాన్నీ చూసినదాన్నీ కలిపి ఇక్కడ పెడుతున్నాను. "జీవిత భాగస్వామి" అనే మాటని ప్రభుత్వ ఫారాలకి వదిలేసి మొగుడూ పెళ్ళాలనే రాస్తాను. నేను చెప్పదలచింది ఒక్కటే. క్యాన్సర్ వైద్యం ఇవాళ ఎక్కువ భాగం ఇంట్లోనే జరుగుతోంది. అక్కడ దాన్ని నడిపేది మొగుడో పెళ్ళామో. ఆ మనిషికి ప్రేమ గురించి చెప్పేవాళ్ళు వందమంది ఉన్నారు గానీ పని నేర్పేవాళ్ళు లేరు.

ఇంట్లో అని ఎందుకన్నానంటే, లెక్క చూడండి. చాలా రకాల కీమో 21 రోజులకోసారి ఇస్తారు. పొద్దున్నే వెళ్ళి కుర్చీలో కూర్చుంటే మందు ఎక్కించి సాయంత్రానికి పంపించేస్తారు. ఇరవై ఒక్క రోజుల్లో ఒక రోజు ఆసుపత్రిది, మిగతా ఇరవై ఇంటివి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా క్యాన్సర్ బయటపడినవాళ్ళు 14 లక్షల మంది పైచిలుకు. అన్ని లక్షల ఇళ్ళలో అన్నేసి ఇరవై రోజులు, డాక్టరూ నర్సూ లేకుండా.

మా ఇంట్లో ఆ ఇరవైలో పదో రోజు. రెండో సైకిల్ అయింది. బెజవాడ ఏప్రిల్ నెల, ఫ్యాను తిరుగుతున్నా దిండు తడిసిపోయే రాత్రి. "ఏమండీ, ఇంకో దుప్పటి కప్పండి" అంది. ఆ మాటకే నాకు మెలకువ పూర్తిగా వచ్చింది. థర్మామీటర్ 100.9 చూపించింది. "ఓ డోలో వేసుకుని పడుకుంటాను. పొద్దున చూద్దాం. పిల్లాడికి రేపు పరీక్ష, ఇప్పుడు హడావిడి చెయ్యకండి" అంది. సగటు ఇంట్లో ఎవరైనా అనే మాటే. వంద దాటిన జ్వరానికి మనం అర్ధరాత్రి ఆసుపత్రికి పరిగెత్తం. మాత్ర వేస్తాం, తడిగుడ్డ వేస్తాం, తెల్లారనిస్తాం. ముప్పై ఏళ్ళ సంసారం నేర్పిన తెలివి అది. కీమో జరుగుతున్న ఇంట్లో ఆ తెలివే ప్రాణం మీదికి తెస్తుంది.

కారణం చెప్పుకుంటే సులువుగానే అర్థమవుతుంది. వేగంగా విభజన చెందే కణాలన్నిటినీ కీమో మందు కొడుతుంది. క్యాన్సర్ కణాలతోపాటు జుట్టు కుదుళ్ళు, నోటి లోపలి పొర, ఎముకల మూలుగలో రక్తం తయారయ్యే చోటు కూడా దెబ్బతింటాయి. జుట్టు ఊడటం అందరికీ కనిపిస్తుంది, అందరూ దాని గురించే బాధపడతారు. తెల్లకణాలు పడిపోవడం కనిపించదు. మందు ఎక్కించిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా అవి బాగా అడుగుకి పోతాయి. ఆసుపత్రి భాషలో "కౌంట్ పడిపోయింది" అంటే ఇదే. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 500కన్నా తగ్గినప్పుడు వచ్చిన జ్వరం జ్వరాల లెక్కలోది కాదు, ఎమర్జెన్సీ. అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం, క్యాన్సర్ వైద్యుల సంఘం కలిసి 2018లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోగి ఆసుపత్రి గడప తొక్కి పరీక్ష మొదలైన గంటలోపు మొదటి యాంటీబయాటిక్ నరంలోకి వెళ్ళాలి. ఏ క్రిమి వల్ల వచ్చిందో తెలిసేదాకా ఆగకూడదు.

గొంతు ఎర్రబడలేదు, దగ్గు లేదు, ఎక్కడా చీము లేదు కాబట్టి ఫర్లేదులే అనుకుంటాం. అక్కడే మోసపోతాం. చీము అంటే క్రిములతో పోరాడి చచ్చిన తెల్లకణాలే ఎక్కువ. పోరాడే సైన్యమే లేనప్పుడు చీము ఎక్కడ పడుతుంది? ఎరుపూ వాపూ కూడా అంతే. ఒళ్ళు చెప్పగలిగిన ఒక్క మాట జ్వరం. డోలో వేస్తే ఆ ఒక్క మాటనీ నోరు నొక్కేసినట్టు. మన ఊళ్ళలో ఇంకో ప్రమాదం ఉంది. వైద్యం హైదరాబాదులోనో విశాఖలోనో, ఇల్లు రెండు మూడు వందల కిలోమీటర్ల దూరంలో. రాత్రి జ్వరం వస్తే చేతికి దొరికేది ఆర్‌ఎంపీ. ఆయన తనకి తెలిసిన జ్వరం సూది ఒకటి వేసి సెలైన్ కడతాడు. తెల్లారేసరికి జ్వరం తగ్గినట్టుంటుంది, బీపీ పడిపోయి ఉంటుంది. నేను ఆర్‌ఎంపీలని తిట్టడం లేదు. రాత్రి పన్నెండుకి తలుపు తీసేది వాళ్ళే. ఆ ఇంట్లో ఎవరికీ "ఇది మీరు ముట్టుకునే జ్వరం కాదు" అని చెప్పే జ్ఞానం ఎవరూ ఇవ్వలేదు, అంతే.

నాకూ ఎవరూ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పలేదు. మొదటి కీమో రోజున నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం ఇచ్చారు. మందు ఎక్కేదాకా కాలక్షేపం లేక చదివాను. అందులో ఒక వాక్యం గుర్తుండిపోయింది: 101 ఒక్కసారి వచ్చినా, లేదా 100.4 గంటసేపు దిగకపోయినా, వెంటనే రండి. నోట్లో పెట్టి చూసిన లెక్క అది. చంకలో పెడితే కాస్త తక్కువ చూపిస్తుంది. కాలక్షేపానికి చదివిన కాగితం మా ఆవిడని బతికించింది అని ఇప్పుడు అనుకుంటే భయమేస్తుంది. ఆ రోజు ఫోను చార్జింగు అయిపోకుండా ఉంటే ఆ కాగితం చదివేవాణ్ణి కాదు.

అరగంటాగి మళ్ళీ చూస్తే 101.6. బయల్దేరాం. ఆసుపత్రి పేరెందుకు గానీ, అక్కడ డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు "వైరల్ ఫీవర్లు బాగా తిరుగుతున్నాయి సార్, పొద్దున ఓపీకి తీసుకురండి" అన్నాడు. ముందు కౌంటర్లో డబ్బు కట్టి రమ్మన్నారు. క్యూలో ఉండగా వెనక్కి తిరిగి, కాస్త గొంతు పెంచే, "కీమో అయి పదో రోజు, జ్వరం 101.6" అన్నాను. ఆ వాక్యం విన్న పెద్ద సిస్టర్ ఒకావిడ ఫైలు లాక్కుని మా ఆవిడని లోపలికి తీసుకుపోయింది. రిపోర్టు వచ్చేసరికి న్యూట్రోఫిల్స్ 180. పై బీపీ ఎనభై దగ్గర ఊగుతోంది. అప్పటికి యాంటీబయాటిక్ ఎక్కుతోంది. "ఇంకో మూడు నాలుగు గంటలు ఇంట్లోనే ఉంటే" అని ఆ కుర్ర డాక్టరే మొదలుపెట్టి వాక్యం పూర్తి చెయ్యలేదు.

ఎన్నో రోజు, ఏ వైద్యం, ఎంత జ్వరం. ఈ మూడు ముక్కలూ ఒక్క ఊపిరిలో చెప్పగలగడం తాలూకు మనిషి నేర్చుకోవలసిన మొదటి విద్య అని నా నమ్మకం. బ్రిటన్‌లో కీమో తీసుకునేవాళ్ళకి పర్సులో పెట్టుకునే కార్డు ఇస్తారు. దాని మీద ఇరవై నాలుగు గంటలూ పలికే ఫోను నంబరు, ఎమర్జెన్సీ డాక్టరు చదవాల్సిన సూచన ఉంటాయి. అటువైపు ఫోను ఎత్తే నర్సు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల పట్టిక ముందు పెట్టుకుని ప్రశ్నలడుగుతుంది. ఒక ఎరుపు వచ్చిందంటే ఇంక మాటల్లేవు, రమ్మంటుంది. మనకి 108 ఉంది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ బండి ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. కానీ అది దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్తుంది, మన క్యాన్సర్ డాక్టరున్న ఊరికి కాదు. దగ్గర్లోని ఆసుపత్రిలో మన ఫైలు లేదు. ఆ ఫైలు తాలూకు మనిషి నోట్లో ఉండాలి.

జ్వరం ఒక్కటే కాదు. వెన్నులో నొప్పి కొన్నాళ్ళుగా ఉండి, ఓ రోజు కాళ్ళు తేలిపోతున్నట్టు, చెప్పు జారిపోతున్నట్టు అనిపిస్తే అది నీరసం కాకపోవచ్చు. వెన్నుపాముని గడ్డ నొక్కుతోందేమో చూడాలి. కాళ్ళు పూర్తిగా పడిపోకముందు వైద్యం మొదలైతేనే నడక మిగులుతుంది, అక్కడ ఒక రోజు ఆలస్యం కూడా ఎక్కువే. ఒక కాలు మాత్రమే వాచి ఆయాసం వస్తే రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి, క్యాన్సర్ ఉన్నవాళ్ళలో ఆ ముప్పు మామూలు మనుషులకన్నా కొన్ని రెట్లు ఎక్కువ. ఈమధ్య బాగా వాడుతున్న ఇమ్యూనోథెరపీది ఇంకో దారి. అందులో విరేచనాలు పట్టుకుంటే అది కలుషితాహారం వల్ల కాకపోవచ్చు, సొంత రోగనిరోధక శక్తే పేగుల మీద తిరగబడి ఉండవచ్చు. మందు ఆపేసిన నెలల తర్వాత కూడా జరుగుతుంది, వైద్యం కూడా వేరు. అందుకే "కీమో" అని ఊరుకోకుండా ఏ మందో పేరు చెప్పాలి. మనిషి ఉన్నట్టుండి మగతగా, తికమకగా మాట్లాడితే, దాహం ఆగకపోతే రక్తంలో కాల్షియం పెరిగిందేమో చూస్తారు. ఇవన్నీ డాక్టర్ల పుస్తకాల్లో ఉన్నాయి. మొదట కనిపెట్టేది మాత్రం పక్క మంచం మీద పడుకున్న మనిషి.

కనిపెట్టి చెప్పడానికి ఎంత విలువుందో కొలిచినవాళ్ళున్నారు. అమెరికాలో 766 మంది రోగులతో చేసిన ఒక అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. వాళ్ళలో కొంతమంది తమ బాధల్ని ఎప్పటికప్పుడు ఆన్‌లైన్లో నమోదు చేస్తే నర్సులకి కబురు వెళ్ళేది. మిగతావాళ్ళకి మామూలు పద్ధతి. మొదటివాళ్ళు 31.2 నెలలు బతికారు, రెండోవాళ్ళు 26. మధ్యస్థ లెక్క అది. ఐదు నెలల ఆయుష్షు, ఏ కొత్త మందూ లేకుండా, బాధని నమోదు చేసి చెప్పినందుకు. ఒక కొత్త మాత్ర ఐదు నెలలు ఇస్తే దాని ధర ఎంతుండేదో ఊహించుకోండి. మా ఇంట్లో ఆన్‌లైన్ ఏమీ లేదు. వంటింటి గోడ మీద వెంకట్రామా క్యాలెండర్ ఉంది. తిథి నక్షత్రాల కింద మిగిలిన చోట పొద్దున ఒక అంకె, సాయంత్రం ఒక అంకె రాసేవాణ్ణి. అమావాస్య గడిలో 98.4, ఉగాది గడిలో 98.8, "వాంతులు 2". డాక్టరుగారికి ఫోనులో ఆ పేజీ ఫొటో చూపిస్తే మొదట నవ్వారు, తర్వాత ప్రతిసారీ ఆయనే అడిగేవారు.

ఇంక చెప్పడం, దాచడం సంగతి. వార్డుల్లో అన్నిటికన్నా ఎక్కువగా వినపడే మాట "ఆయనకి చెప్పకండి డాక్టరుగారూ". పేగు పూత అనో, గడ్డ అనో, "లోపల కాస్త ఇన్ఫెక్షన్" అనో చెప్పి కీమో ఎక్కిస్తారు. ఇది మనకి సినిమా నేర్పిన త్యాగం అని నా అనుమానం. 1981లో వచ్చిన ప్రేమాభిషేకంలో కథానాయకుడు తన క్యాన్సర్ దాచిపెట్టి, ప్రేమించిన అమ్మాయి తనని అసహ్యించుకునేలా నటిస్తాడు. తెలుగు దేశం మొత్తం ఏడ్చింది. ఆ పాత్ర వేసిన అక్కినేని నాగేశ్వరరావే 2013 అక్టోబరులో విలేకరులని పిలిచి, నాకు క్యాన్సర్ అని తనే చెప్పారు. మూడు నెలల తర్వాత, 2014 జనవరి 22న పోయారు. ఈ రెండింటిలో జనం తలుచుకునేది మొదటిదాన్నే గానీ, ఇంట్లో పనికొచ్చేది రెండోది.

ఎందుకంటే, తనకి కీమో ఎక్కుతోందని తెలియని మనిషి జ్వరం వస్తే ఏమంటాడు? ఏమీ అనడు. మాత్ర వేసుకుని పడుకుంటాడు. భార్య ఊళ్ళో లేని రోజున ఎమర్జెన్సీలో డాక్టరు అడిగితే "గ్యాస్ట్రిక్ ట్రబుల్ అండీ" అంటాడు. ప్రేమతో ఆడిన అబద్ధం ఆ రాత్రి యమదూత పని చేస్తుంది. అన్నీ అంకెలతో సహా చెప్పమని నేననను. ఎంత తెలుసుకోవాలనుందో అడిగి అంతే చెప్పడం వేరు, అసలు అడగకపోవడం వేరు. చట్టం కూడా ఇటే మొగ్గింది. ఆపరేషన్ బల్ల మీద మత్తులో ఉన్న స్త్రీ తరఫున ఆమె తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాణాపాయం తరుముకొస్తే తప్ప, తెలివిలో ఉండగలిగిన పెద్దమనిషి ఒంటి మీద నిర్ణయం ఆ మనిషిదే. భార్య ఆపరేషన్ కాగితం మీద మొగుడు సంతకం పెడితే సరిపోతుందని మనం అనుకుంటాం, ఆసుపత్రులూ అనుకుంటాయి. నేనూ మొదటి రోజు పెన్ను తీశాను. "కోసేది నన్ను, ఇటివ్వండి" అని మా ఆవిడ కాగితం లాక్కుంది.

పెళ్ళయినవాళ్ళకి క్యాన్సర్‌లో మేలు జరుగుతుందా? 2013లో అమెరికాలో 7.3 లక్షలకి పైగా రోగుల రికార్డులు తిరగేసిన ఒక అధ్యయనం అవుననే చెప్పింది. పెళ్ళయినవాళ్ళలో జబ్బు ముదరకముందే బయటపడటం, పూర్తి వైద్యం అందడం, బతకడం, మూడూ ఎక్కువ. తోడు మనిషి "పద, చూపించుకుందాం" అని వెంటపడటం వల్ల కావచ్చు. అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది: ఈ మేలు ఆడవాళ్ళకన్నా మగవాళ్ళకి ఎక్కువ. పెళ్ళాం వెంటపడినంతగా మొగుడు వెంటపడడన్నమాట.

ఇక్కడి నుంచి బాట కాస్త బురదగా ఉంటుంది. జబ్బుపడిన భార్యని మొగుడు వదిలేస్తాడు అనే మాట ప్రపంచమంతా తిరుగుతోంది. దానికి మూలం 2009లో వచ్చిన అమెరికన్ అధ్యయనం. మెదడు గడ్డలు, ఇతర క్యాన్సర్లు, నరాల జబ్బు ఉన్న 515 మందిని గమనిస్తే, భార్య రోగి అయినప్పుడు విడిపోయినవాళ్ళు 20.8 శాతం, భర్త రోగి అయినప్పుడు 2.9 శాతం. గుండె ఝల్లుమనే అంకెలు. కానీ డెన్మార్క్‌లో దేశం మొత్తం రికార్డులు చూసి 2007లో చెప్పింది వేరు: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తప్ప మిగతా వాటిలో విడాకులు పెరగలేదు. 2015లో అమెరికాలో ఇంకో పరిశోధన వ్యాసం భార్య జబ్బుపడితే విడాకులు పెరుగుతాయని చెప్పి పత్రికల్లో మారుమోగింది. తర్వాత లెక్కల్లో తప్పు దొరికింది. అధ్యయనం మధ్యలో మానేసినవాళ్ళని విడాకులు తీసుకున్నవాళ్ళుగా కంప్యూటర్ లెక్కేసింది. రాసినవాళ్ళే ఒప్పుకుని వ్యాసం వెనక్కి తీసుకున్నారు. అందుకని వాట్సాప్‌లో వచ్చే "ఐదుగురిలో ఒక మగాడు వదిలేస్తాడు" అన్నదాన్ని అంతగా నమ్మక్కర్లేదు.

మన దగ్గర విడాకులు కొలబద్దే కాదు. వదిలెయ్యకుండానే వదిలెయ్యడం మనకి బాగా వచ్చు. వైద్యం అయ్యేదాకా పుట్టింటికి పంపడం వాటిలో ఒకటి. ఆడవాళ్ళ వార్డులో పక్కనున్నది అమ్మో, అక్కో, పెళ్ళీడుకొచ్చిన కూతురో. మగవాళ్ళ వార్డులో పక్కనున్నది పెళ్ళామే. కేంద్రం 2019లో చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్ళు దాని మీద రోజుకి 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్ళు 97 పెడుతున్నారని తేలింది. జబ్బు వచ్చిందని ఈ అంకెలు తారుమారవుతాయా? మా ఆవిడ మూడో సైకిల్ తర్వాత కూడా నాకు పోపు ఎప్పుడు వెయ్యాలో మంచం మీంచి చెప్పేది. చుట్టాలు మాత్రం నన్ను చూసి "ఎంత బాగా చూసుకుంటున్నారండీ, ఈ రోజుల్లో ఎవరు చేస్తారు" అన్నారు. పక్క గదిలో మొగుణ్ణి రెండేళ్ళుగా చూసుకుంటున్న ఒకావిడ ఉండేది. ఆవిడని ఆ మాట అన్నవాళ్ళని నేను చూడలేదు. ఆవిడ పొగడ్తల స్థానంలో విన్నది "ఆయన బాగా చిక్కిపోయారమ్మా, ఏం పెడుతున్నావు?"

పడకగది ఊసు డాక్టర్లూ ఎత్తరు, మనమూ అడగం. కీమో జరుగుతున్నన్నాళ్ళూ గర్భం రాకుండా జాగ్రత్తపడాలనీ, మందు ఎక్కించిన తర్వాత రెండు రోజులపాటు అది ఒంటి ద్రవాల్లో కూడా ఉంటుందనీ చెప్పాల్సినవాళ్ళే గొంతు సవరించుకుని ఊరుకుంటారు. రొమ్ము తీసేసిన తర్వాత అద్దం ముందు ఎవరు ముందు నిలబడాలన్నది ఏ కాగితంలోనూ రాసి ఉండదు. ఇంతకన్నా నేను కూడా రాయను.

డబ్బు గురించి అందరికీ తెలిసిందే రాయడం ఎందుకు? 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లేకపోతే లక్షల కుటుంబాలు మొదటి ఆపరేషన్ దగ్గరే ఆగిపోయేవి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి 10 లక్షలు. కానీ అది రోగి ఖర్చు. తాలూకు మనిషి కూలి పోయిన రోజులు ఎవరి పద్దు? రోగికి రైల్లో స్లీపర్ ఉచితం, తోడు వెళ్ళేవాళ్ళకి 75 శాతం రాయితీ ఉంది. ఇది మాత్రం చాలామందికి తెలియక పూర్తి టికెట్ కొంటారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ఉన్న ఎమ్‌ఎన్‌జే ఆసుపత్రి చుట్టూ ఏ రాత్రి నడిచినా రెండు రాష్ట్రాల జిల్లాలన్నీ దుప్పట్లు పరుచుకుని కనపడతాయి. నగరంలోని ప్రభుత్వ ఆసుపత్రుల దగ్గర అటెండెంట్లకి ఐదు రూపాయల భోజనం పెట్టాలన్న ఆలోచన 2022లో వచ్చింది. రోగితో వచ్చినవాడికి కూడా ఆకలేస్తుందని ప్రభుత్వం గుర్తించిన అరుదైన సందర్భం అది. బంజారాహిల్స్‌లో 2000లో తెరిచిన పెద్ద క్యాన్సర్ ఆసుపత్రికి బసవతారకం పేరుంది. ఒక భర్త, ముఖ్యమంత్రిగా చేసినవాడు, క్యాన్సర్‌తో పోయిన భార్య పేరు మీద తలపెట్టినది. అందరూ ఆసుపత్రులు కట్టలేరు. పది రోజులు సెలవు దొరికితే చాలనుకునేవాళ్ళే ఎక్కువ.

ఆ సెలవు మనకి చట్టంలో లేదు. ప్రైవేటు ఉద్యోగి భార్యకో భర్తకో జబ్బు చేస్తే ఆ పేరుతో సెలవు ఇచ్చి తీరాలనే నిబంధన ఏదీ లేదు, యజమాని దయ. అమెరికాలో 1993 చట్టం 12 వారాలు ఇస్తుంది, జీతం లేకుండా, చిన్న సంస్థలకి వర్తించకుండా. బ్రిటన్ 2024 ఏప్రిల్ నుంచి ఏడాదికి ఒక వారం ఇస్తోంది, అదీ జీతం లేకుండానే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళ కష్టం ఇంకో రకం. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే అరవై రోజుల గడువే ఉంటుంది. వీసా, బీమా రెండూ ఉద్యోగానికే ముడిపడి ఉంటాయి కాబట్టి, కీమో వార్డులో భార్య చెయ్యి ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ల్యాప్‌టాప్ మీటింగుల్లో ఉంటారు. అమ్మానాన్నల్ని రప్పిద్దామంటే వాళ్ళకీ వీసా కావాలి.

చూసుకునేవాళ్ళ ఒంటి సంగతి. 1999లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన అధ్యయనాన్ని అందరూ ఉదాహరిస్తారు: మొగుణ్ణో పెళ్ళాన్నో చూసుకుంటూ ఒత్తిడికి లోనైన వృద్ధుల్లో నాలుగేళ్ళలో మరణాలు 63 శాతం ఎక్కువ. భయపెట్టడానికి బాగా పనికొస్తుంది. అందులోనే ఉన్న రెండో సగం ఎవరూ చెప్పరు. ఒత్తిడి లేకుండా చూసుకున్నవాళ్ళలో ఆ పెరుగుదల కనిపించలేదు. 2006లో ఐదు లక్షలకి పైగా వృద్ధ దంపతుల్ని పరిశీలించిన మరో అధ్యయనంలో, భార్యకో భర్తకో మతిమరుపు జబ్బో మానసిక వ్యాధో వచ్చి ఆసుపత్రి పాలైతే రెండోవాళ్ళ ప్రాణానికి ముప్పు ఎక్కువగా పెరిగింది, పెద్దపేగు క్యాన్సర్ వస్తే అంతగా పెరగలేదు. నాకు ఇందులో అర్థమైంది, సేవ మనిషిని చంపదు. అంతులేనితనం, మార్చుకునే మనిషి లేకపోవడం చంపుతాయి. ఆ జ్వరంతో ఆసుపత్రిలో చేరిన మూడో రోజు పొద్దున అదే పెద్ద సిస్టర్ ఖాళీగా ఉండి "మీదీ చూస్తానుండండి" అని నా చేతికి పట్టీ చుట్టింది. 170 మీద 100. నా బీపీ మాత్ర వేసుకుని ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు రాలేదు. మా ఆవిడ మాత్రలు మాత్రం రంగులతో సహా నోటికి వచ్చు.

ఏం చేస్తే బాగుంటుంది అన్నదానికి దారి చూపినవాళ్ళు మన దేశంలోనే ఉన్నారు. 1993లో కోజికోడ్‌లో మొదలైన పాలియేటివ్ కేర్ సంఘం నొప్పి తగ్గించడంతో ఆగకుండా ఇంటి చుట్టుపక్కలవాళ్ళకే శుశ్రూష నేర్పింది. 2008లో కేరళ దాన్ని ప్రభుత్వ విధానంగా తీసుకుంది. బెంగళూరులో గుండె ఆసుపత్రి వార్డులో మొదలైన నూరా హెల్త్ రోగి డిశ్చార్జ్ అవకముందే ఇంటివాళ్ళని కూర్చోబెట్టి పాఠం చెబుతుంది, తర్వాత కొన్ని రాష్ట్రాల ప్రభుత్వ ఆసుపత్రులకీ అది పాకింది. పాలియేటివ్ అనే మాట వినగానే మనవాళ్ళు "చేతులెత్తేశారన్నమాట" అంటారు. 2010లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మంది మీద చేసిన అధ్యయనంలో మొదటి నుంచీ ఆ సేవ కూడా అందుకున్నవాళ్ళు హాయిగా ఉండటమే కాదు, ఎక్కువ కాలం బతికారు కూడా: 11.6 నెలలు, రెండోవాళ్ళు 8.9. చేతులెత్తేస్తే ఆయుష్షు పెరగదు కదా.

నేను అడిగేది ఇంతకన్నా చిన్నది. మొదటి సైకిల్ రోజున, మందు ఎక్కుతున్న ఆ నాలుగైదు గంటల్లో, బయట బెంచీ మీద ఊరికే కూర్చున్న మొగుణ్ణో పెళ్ళాన్నో ఓ అరగంట లోపలికి పిలిచి, తెలుగులో, థర్మామీటర్ చేతికిచ్చి చూపిస్తే చాలు. దానికి కొత్త భవనం అక్కర్లేదు, శంకుస్థాపన అక్కర్లేదు. బహుశా అందుకే జరగడం లేదు.

ఐదో రోజుకి కౌంట్ 1,400 అయింది, పంపించేస్తామన్నారు. బిల్లు తేలేదాకా మందుల షాపు ముందు నిలబడ్డాను. నా వెనక పాతికేళ్ళ కుర్రాడు, బావిలో నీళ్ళు తోడి తోడి కాయలు కాసినట్టున్న చేతులు, చేతిలో కొత్త ఫైలు. భార్యకి ఆ రోజే మొదటి కీమో అట, తెనాలి అవతల పల్లె. నా సంచిలో థర్మామీటర్ చూసి "అది దేనికి బాబాయ్?" అన్నాడు. చెప్పాను. పదో రోజు సంగతి, డోలో సంగతి, కౌంటర్ దగ్గర గట్టిగా అనాల్సిన వాక్యం. షాపతన్ని అడిగి ఒకటి కొన్నాడు. పెట్టె తిప్పి చూసి, "ఎంత దాటితే రావాలి?" అన్నాడు.

"నూట ఒకటి వస్తే వెంటనే. వంద పాయింట్ నాలుగు అయితే, గంట చూసి."

రాసుకోవడానికి కాగితం లేక, షాపులో పెన్ను అడిగి అరచేతిలో రాసుకున్నాడు. చెమటకి చెరిగిపోతుందని ఫైలు అట్ట మీద మళ్ళీ రాయించాను.